సర్పగంధి: వేరు మనది, పేరు ఎవరిది?

ముసునూరు అనగానే చరిత్ర పుస్తకం చదివినవాళ్ళకు ముసునూరి నాయకులు గుర్తొస్తారు. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రోలయ నాయకుడు, కాపయ నాయకుడు తెలుగు నేలను మళ్ళీ నిలబెట్టారని బడిలో పాఠం చెబుతాం. తర్వాత నూజివీడు జమీందారుల కథ వస్తుంది. ఆ తర్వాత మామిడి. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి. తమ్మిలేరు ఒడ్డున బలివె శివరాత్రి తిరునాళ్ళ. ఇంతటితో ఈ ప్రాంతం చరిత్ర అయిపోయిందనిపిస్తుంది.

ఈ తోటలకు కాపలా ఉన్న యానాదులు, ఊరి చివర గుడిసెల్లో బుట్టలల్లిన ఎరుకలవాళ్ళు, తండాల్లోని లంబాడీలు ఆ చరిత్రలో ఎక్కడా కనబడరు. పాము కరిచినా, జ్వరం తగ్గకపోయినా, మనిషి మతి తప్పి తిరిగినా, డాక్టరు లేని రోజుల్లో ఊరు ఎవరి గుమ్మానికి వచ్చిందో ఏ శాసనంలోనూ లేదు. ఆకు, వేరు ఎరిగిన చేతులు మనవి. వాటికి చరిత్ర లేదని అనుకోవడం అలవాటైపోయింది.

అది నిజం కాదని చెప్పడానికి ఒక్క మొక్క కథ చాలు. ఒక చిన్న పొద అది. పేరు సర్పగంధి. తెలుగులో పాతాళగంధి అని కూడా అంటారు. దాని వేరు కోసం ప్రపంచం మన అడవుల దాకా వచ్చింది. ఆ వేరు మీద పరిశోధన చేసినవాళ్ళకు పేరు వచ్చింది, మందు అమ్మిన కంపెనీలకు డబ్బు వచ్చింది. తవ్వినవాళ్ళకు రోజు కూలి వచ్చింది. అడవిలో మొక్క మాయమైంది. ఇలా ఎందుకు జరిగిందో, ఇప్పుడు ఆ మొక్కను మన చేతుల్తో పెంచాలంటే ఏం తెలిసి ఉండాలో ఈ వ్యాసంలో చూద్దాం.

మొక్కను గుర్తుపట్టడం

సర్పగంధి చెట్టు నీడలో, తేమ నిలిచే అడవిలో పెరుగుతుంది. తూర్పు కనుమల్లో చింతపల్లి, మారేడుమిల్లి వైపు అడవులు దానికి సరిపోయే నేల. సాధారణంగా అడుగు నుంచి రెండున్నర అడుగుల ఎత్తు ఉంటుంది. ఆకులు కణుపు దగ్గర మూడేసి, నాలుగేసి చుట్టూ వస్తాయి. పువ్వు తెల్లగా, కొంచెం గులాబీ ఛాయతో గుత్తిగా పూస్తుంది. పూకాడలు మాత్రం ఎర్రగా ఉంటాయి. కాయ మొదట ఆకుపచ్చగా ఉండి, పండితే నిగనిగలాడే నలుపు. వేరు వంకరటింకరగా పాములా లోపలికి దిగుతుంది. ఎండిన వేరు నాలుక మీద పెడితే విపరీతమైన చేదు.

దీనికి దగ్గర చుట్టం ఒకటి ఉంది. రావుల్ఫియా టెట్రాఫిల్లా అంటారు. అది అమెరికా ఖండం నుంచి వచ్చి మన చేలగట్ల మీద, రోడ్ల పక్కన స్థిరపడిపోయింది. కణుపుకు నాలుగు ఆకులు, అవీ సమానంగా ఉండవు. దీని వేరును సర్పగంధిలో కలిపి అమ్మడం పాత మోసం. ఆ మోసానికి తప్పు మన మీద పడకుండా ఉండాలంటే ముందు మనకు తేడా తెలియాలి.

పాము, ముంగిస, వెర్రి

ఈ వేరు గురించి ఒక కథ దేశమంతా ఉంది. నాగుపాముతో పోట్లాటకు దిగే ముందు ముంగిస ఈ ఆకు నమిలి వెళుతుందట. ఈ మొక్కకు పాము పేరు రావడానికి వేరు ఆకారం ఒక కారణమైతే, పాముకాటుకు వాడడం మరొకటి. పాత ఆయుర్వేద గ్రంథాల్లో సర్పగంధ అన్న మాట ఉంది. బీహారు బజార్లలో ఈ వేరును పాగల్ కీ దవా అని అమ్మేవాళ్ళు. అంటే పిచ్చికి మందు అని. నిద్ర పట్టనివాళ్ళకు, ఉద్రేకంతో ఊగిపోయేవాళ్ళకు, ఏడుపు ఆపని పసిపిల్లలకు దీన్ని ఇవ్వడం చాలా ప్రాంతాల్లో ఉన్న ఆచారం.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. పాము విషానికి ఈ వేరు విరుగుడు కాదు. పాముకాటుకు మందు ఆసుపత్రిలో ఇచ్చే విషహర ఇంజెక్షన్ ఒక్కటే. వేరు అరగదీసే లోపు ప్రాణం పోతుంది. పెద్దల జ్ఞానాన్ని గౌరవించడమంటే వాళ్ళు అన్నదంతా కళ్ళు మూసుకుని నమ్మడం కాదు. వాళ్ళు కనిపెట్టినదాంట్లో ఏది నిలబడిందో తెలుసుకోవడం. వెర్రి ఉద్రేకాన్ని ఈ వేరు అణుస్తుందన్నది నిలబడింది. అది ప్రపంచ వైద్యాన్నే మార్చింది.

చూడనివాడి పేరు

1563లో గోవాలో ఉన్న పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా భారతదేశపు మందుల మీద పుస్తకం అచ్చువేశాడు. పాముకాటుకు వాడే పాముకొయ్యల గురించి అందులో రాశాడు. యూరప్‌వాళ్ళు మన వేళ్ళను కాగితం మీదికి ఎక్కించుకోవడం అప్పటికే మొదలైంది.

1703లో ఫ్రాన్సు దేశపు వృక్షశాస్త్రవేత్త ప్లూమియే ఈ జాతి మొక్కలకు రావుల్ఫియా అని పేరు పెట్టాడు. జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కు చెందిన లియోన్‌హార్డ్ రావుల్ఫ్ అనే వైద్యుడి గౌరవార్థం పెట్టిన పేరు అది. ఆ రావుల్ఫ్ 1573 నుంచి కొన్నేళ్ళు సిరియా, మెసపొటేమియాల్లో తిరిగాడు. భారతదేశానికి రాలేదు. అయినా మన కొండల మీది పొద ఈరోజుకీ ఆయన పేరే మోస్తోంది. శాస్త్రానికి ఏదో ఒక పేరు కావాలి, అందులో తప్పు లేదు. కానీ పేరు పెట్టే వరుసలో మొక్కను ఎరిగినవాడి వంతు ఎప్పుడూ రాలేదన్నది మనం గమనించాలి.

తెలుగు నేల మీద ఈ పని చేసినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా వచ్చి, 1781 నుంచి సామర్లకోటలో ఉంటూ అక్కడ మొక్కల తోట వేశాడు. మిరియాలు, కాఫీ లాంటివి పెంచి చూశాడు. స్థానిక చిత్రకారులతో వందల మొక్కల బొమ్మలు వేయించాడు. 1793లో కలకత్తా తోటకు వెళ్ళిపోయాడు. 1795 నుంచి ఆయన పుస్తకం కోరమాండల్ తీరపు మొక్కలు లండన్‌లో వెలువడింది. మొక్కల తెలుగు పేర్లు ఆయన శ్రద్ధగా రాసుకున్నాడు. అవి ఈరోజు మనకు ఎంతో విలువైనవి. ఆ తెలుగు పేర్లు చెప్పిన నోళ్ళు ఎవరివి, అడవిలో దారి చూపిన కాళ్ళు ఎవరివి అన్నది మాత్రం పుస్తకంలోకి ఎక్కలేదు.

పెంచిన చెట్టు, తవ్విన చెట్టు

బ్రిటిష్‌వాళ్ళకు ఒక మందుచెట్టు నిజంగా అవసరమైనప్పుడు ఏం చేశారో చూస్తే సర్పగంధి కథ బాగా అర్థమవుతుంది.

మలేరియా వాళ్ళ సైన్యాన్ని తినేస్తోంది. దానికి మందు క్వినైన్. అది దక్షిణ అమెరికా కొండల్లోని సింకోనా చెట్టు బెరడులో ఉంటుంది. 1860లో క్లెమెంట్స్ మార్కమ్ అనే అధికారి పెరూ వైపు వెళ్ళి మొక్కలు, విత్తనాలు సేకరించే పని నడిపాడు. వాటిని నీలగిరుల్లో నాటారు. నారుమళ్ళు, తోటలు, జీతగాళ్ళు, రసాయన శాస్త్రవేత్తలు, అన్నీ ఏర్పాటు చేశారు. ఆ చెట్టును మొదట ఎరిగిన పెరూ ఆదివాసులకు దక్కింది లేదు. కానీ చెట్టు మాత్రం బతికింది. పెంచారు కాబట్టి బతికింది.

సర్పగంధిని ఎవరూ అలా నాటలేదు. అడవిలో ఊరికే దొరుకుతుంటే నాటడం ఎందుకు? తవ్వి తెచ్చే మనిషి చవకగా దొరుకుతుంటే నారుమడి ఖర్చు ఎందుకు? ఆ మనిషి చవకైపోవడానికి కూడా ఒక చరిత్ర ఉంది. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవి రిజర్వు అయింది. పోడు నేరమైంది. కట్టె కొట్టినా, గొడ్డు మేపినా అనుమతి కావాల్సి వచ్చింది. ఆ చట్టానికి ముందే 1879లో రంప కొండలు తిరగబడ్డాయి. చట్టం తర్వాత 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటందొర, మల్లుదొరలు, వందలాది ఆదివాసులు నడిచారు. ఆ పోరాటాల వెనక పన్నులు, వెట్టి, పోడు ఉన్నాయి. వాటితోపాటు అడవిలో దొరికేదాని మీద ఎవరికి హక్కు అన్న ప్రశ్నా ఉంది.

హక్కు పోయినచోట మనిషి కూలివాడవుతాడు. తన ఇంటి జబ్బుకు ఒక మొక్క తవ్వినవాడు మిగతావాటిని కాపాడుకున్నాడు, వచ్చే ఏడాది తనకే కావాలి కాబట్టి. షావుకారుకు తూకం ఇవ్వాల్సినవాడు కనబడిన మొక్కనల్లా పీకాడు. తాను వదిలితే రేపు ఇంకొకడు పీకుతాడు.

వేరు నుంచి బిళ్ళ దాకా

ఈ వేరు ప్రయోగశాలకు చేరిన సంవత్సరం 1931. ఆ ఏడాది కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఒక వ్యాసం రాశారు. సర్పగంధి వేరు మతిభ్రమణానికి, అధిక రక్తపోటుకు పనిచేస్తోందని అందులో చెప్పారు. అదే ఏడాది ఢిల్లీ తిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దిఖీ, రఫత్ హుస్సేన్ సిద్దిఖీ ఈ వేరులోని రసాయనాలను విడదీశారు. ఆ కళాశాలను నిలబెట్టిన హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద ఒకదానికి అజ్మలిన్ అని పేరు పెట్టారు. గుండె లయ తప్పినప్పుడు వాడే మందుగా అది ఇప్పటికీ వైద్యంలో ఉంది.

1934లో హిమాలయ డ్రగ్ కంపెనీ ఈ వేరుతో సెర్పినా అనే బిళ్ళ తెచ్చింది. బర్మాలో చిందులు తొక్కే ఏనుగులకు ఊరివాళ్ళు ఒక వేరు తినిపించి శాంతింపజేయడం చూసి తమ స్థాపకుడికి ఆ ఆలోచన వచ్చిందని ఆ కంపెనీయే చెప్పుకుంటుంది. వేరు తినిపించిన ఆ ఊరివాళ్ళకు ఆ కథలో పేర్లు లేవు.

1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో 50 మంది రోగుల అనుభవం అచ్చువేశాడు. ఈ వేరు రక్తపోటును తగ్గిస్తోందని పడమటి దేశాల వైద్యులు అప్పుడు నమ్మారు. 1952లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో సిబా కంపెనీ శాస్త్రవేత్తలు మ్యూలర్, ష్లిట్లర్, బైన్ ఈ వేరులోని అసలు పదార్థాన్ని పట్టుకున్నారు. దాని పేరు రిసర్పిన్. సెర్పాసిల్ అన్న పేరుతో అది బజారుకు వచ్చింది. 1954లో న్యూయార్క్ వైద్యుడు నేథన్ క్లైన్ దాన్ని మానసిక రోగులకు ఇచ్చిన ఫలితాలు ప్రకటించాడు. గదుల్లో బంధించి, కట్టిపడేసి ఉంచిన రోగులు శాంతించారు. బీహారు బజారులో వేరు అమ్మినవాడు ఎప్పటినుంచో అంటున్న మాటే అది. పిచ్చికి మందు.

అక్కడితో ఆగలేదు. 1956లో హార్వర్డ్‌లో రాబర్ట్ వుడ్‌వర్డ్ రిసర్పిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసి చూపాడు. 1965లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆయన గొప్ప నిర్మాణాల్లో ఇదొకటి. స్వీడన్‌కు చెందిన ఆర్విడ్ కార్ల్‌సన్ రిసర్పిన్ ఇచ్చిన కుందేళ్ళు కదలకుండా పడిపోవడం గమనించాడు. మెదడులో డోపమిన్ అనే పదార్థం తరిగిపోవడమే దానికి కారణమని కనిపెట్టాడు. వణుకుడు జబ్బు పార్కిన్సన్‌కు ఈనాడు వాడుతున్న మందుకు అదే దారి చూపింది. 2000లో ఆయనకూ నోబెల్ వచ్చింది.

ఈ శాస్త్రవేత్తల శ్రమ తక్కువది కాదు. వాళ్ళను దొంగలనడం న్యాయమూ కాదు. కానీ గొలుసులో మొదటి కొక్కెం లేకుండా చివరి కొక్కెం ఉండదు. ఆ మొదటి కొక్కెం మనలాంటి మనుషులది.

కిలో మందుకు ఎన్ని మొక్కలు?

ఇది పిల్లలతో బడిలో చేయించదగ్గ లెక్క. ఎండిన సర్పగంధి వేరులో రిసర్పిన్ పాలు దాదాపు వెయ్యింట ఒకటి. అంటే కిలో రిసర్పిన్ తీయాలంటే సుమారు వెయ్యి కిలోల ఎండు వేరు కావాలి. ఒక మొక్క ఎండు వేరు కొన్ని పదుల గ్రాములకు మించి తూగదు. వెయ్యి కిలోలంటే పదుల వేల మొక్కలు. రెండో వైపు, ఆ కిలో రిసర్పిన్‌తో 0.25 మిల్లీగ్రాముల బిళ్ళలు 40 లక్షలు చేయవచ్చు.

ఈ లెక్కలో ఒక చివర 40 లక్షల బిళ్ళలు, ఇంకో చివర బుట్టెడు వేళ్ళు. మధ్యలో షావుకారు, ఏజెంటు, ఎగుమతిదారు, కంపెనీ. ప్రయోగశాలలో చేయగలిగినా, మొక్క నుంచి తీయడమే కంపెనీలకు చవక పడింది. అందుకే 1950ల తర్వాత తవ్వకం ఆగలేదు. మన మొక్క తరిగిపోతుంటే ఆఫ్రికాలోని కాంగో వైపు పెరిగే రావుల్ఫియా వొమిటోరియా అనే పెద్ద జాతి మీదికి కంపెనీల చూపు మళ్ళింది. అందులో రిసర్పిన్ ఎక్కువ.

మన వైపు 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. షావుకారు తూకం నుంచి ఆదివాసిని తప్పించడం దాని ఉద్దేశం. 1979లో షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపారాన్ని నియంత్రించే రెగ్యులేషన్ వచ్చింది. వీటివల్ల చింతపండు, తేనె, జిగురు అమ్ముకునేవాళ్ళకు ఒక నిలకడ దొరికింది. కానీ చెట్టు మీది తేనె తీసినా, చింతకాయ దులిపినా చెట్టు మిగులుతుంది. వేరు తవ్వితే మొక్కే పోతుంది. వేరు మందులకు మంచి ధర ఒక్కటే చాలదు. ధర పెరిగేకొద్దీ తవ్వకమూ పెరుగుతుంది. 1990లో అంతర్జాతీయ వ్యాపారంలో నియంత్రణ కావాల్సిన జాతుల పట్టికలో, సైటిస్ రెండో అనుబంధంలో, సర్పగంధి చేరింది. అప్పటికి దాన్ని అడవిలో వెతుక్కోవాల్సిన రోజు వచ్చేసింది.

మందు కూడా తన రెండో ముఖం చూపింది. ఎక్కువ మోతాదులో రిసర్పిన్ వాడిన కొందరు తీవ్రమైన దిగులులో పడిపోయారు. రక్తపోటు మరీ పడిపోవడం, కడుపులో పుండు లాంటివి బయటపడ్డాయి. కొత్త మందులు వచ్చాక దాని వాడకం తగ్గింది. కాబట్టి ఈ వేరును ఇంట్లో అరగదీసి తాగడం, రక్తపోటు బిళ్ళ మానేసి దీన్ని నమలడం ప్రమాదం. గర్భిణులకు, దిగులు జబ్బు ఉన్నవాళ్ళకు మరీ ప్రమాదం. మనం దీన్ని పెంచుదాం, కాపాడుదాం. వాడకం మాత్రం వైద్యుడికే వదిలేద్దాం.

మామిడి నీడలో సర్పగంధి

2022లో జిల్లాలు మారినప్పుడు నూజివీడు, ముసునూరు మామిడి తోటలు ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వైపు కోయ, కొండరెడ్డి గూడేలూ అదే జిల్లాలో చేరాయి. మైదానంలోని మనం, అడవిలోని మనం ఒకే జిల్లా కాగితం మీదికి వచ్చాం. అడవిలో తరిగిపోయిన నీడ మొక్కకు మామిడి తోట రెండో ఇల్లు కాగలదా అని ఆలోచించడానికి ఇది మంచి సందర్భం.

కాగలదు. సర్పగంధికి కావాల్సింది పలచని నీడ, నీరు నిలవని నేల, ఆకు కుళ్ళిన మట్టి. తోటల్లో సాళ్ళ మధ్య పెంచే పంటగా దీన్ని సిఫారసు చేస్తారు. గుబురుగా కలిసిపోయిన ముసలి తోట చిమ్మచీకటి దీనికి పనికిరాదు. ఎండపొడ పడే తోట కావాలి.

విత్తనమే మొదటి చిక్కు. సర్పగంధి విత్తనం బద్ధకస్తురాలు. సగం మొలిస్తే సంతోషించాలి. నిలవ ఉన్నకొద్దీ మొలక ఇంకా తగ్గుతుంది. అందుకని అదే ఏడాది పండిన నల్లటి పండ్ల నుంచి తీసిన విత్తనమే వాడాలి. నీళ్ళలో వేసి, తేలినవి పారేసి, మునిగినవి రాత్రంతా నానబెట్టాలి. మే నెలలో నీడలో ఎత్తుమడి కట్టి, పశువుల ఎరువు, ఇసుక, మట్టి కలిపి విత్తాలి. మొలక రావడానికి వారాలు పడుతుంది. ఓపిక కావాలి. నలభై నుంచి అరవై రోజులకు నారు జానెడు లోపు ఎదుగుతుంది. వానలు నిలదొక్కుకున్నాక జూలైలో సాలుకూ సాలుకూ అడుగున్నర నుంచి రెండడుగులు, మొక్కకూ మొక్కకూ అడుగు ఎడంతో నాటాలి.

విత్తనం దొరకకపోతే వేరు ముక్కలు, కొమ్మ ముక్కలు నాటినా మొలుస్తాయి. కానీ విత్తనం మొక్కకే వేరు బాగా దిగుతుంది. మనకు కావాల్సింది వేరే కాబట్టి కష్టమైనా విత్తనమే మేలు. లక్నోలోని సీమ్యాప్ సంస్థ విడుదల చేసిన సిమ్ శీల్, ఇండోర్ నుంచి వచ్చిన ఆర్‌ఎస్ 1 మేలైన రకాలు. మన దగ్గర వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయాన్ని, నూజివీడు మామిడి పరిశోధన స్థానాన్ని అడిగి సలహా తీసుకోవాలి.

తోట పని తెలిసిన మనవాళ్ళే గమనించగల చిక్కులు కొన్ని ఉన్నాయి. మామిడి పూతకు రావాలంటే అంతకు ముందు నీళ్ళు ఆపాలి. ఆ నెలల్లో సర్పగంధికి కాలువ నీళ్ళు పారిస్తే మామిడి పూత చెడుతుంది. కుండతోనో బిందెతోనో మొక్క మొదట్లో పోసుకోవాలి. వేసవిలో మాత్రం తడి తప్పకూడదు. పూత మీద తేనెమంచు పురుగుకు కొట్టే మందు కింద మొక్కల మీద పడుతుంది. మందు కొట్టే చెట్టు కొమ్మల కింద కాకుండా సాళ్ళ నడుమ నాటుకోవడం అందుకే. కాయ కోసే రోజుల్లో చిక్కాలు, గంపలు, ట్రాక్టర్లు తిరిగే దారులు వదిలేయాలి. కలుపు మొదటి ఏడాది రెండు మూడుసార్లు తీయాలి. నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది.

వేరు తవ్వడానికి కనీసం 18 నెలలు, వీలైతే రెండేళ్ళ పైన ఆగాలి. చలికాలంలో, ఆకు రాలినప్పుడు తవ్వితే వేరులో సత్తువ ఎక్కువ. మందు గుణంలో ఎక్కువ పాలు వేరు బెరడులోనే ఉంటుంది. కాబట్టి గీరకుండా, బెరడు ఊడకుండా తవ్వి, మట్టి కడిగి, బాగా ఎండబెట్టి, తేమ తగలని గోనెసంచుల్లో పెట్టాలి. కొన్ని మొక్కలను విత్తనానికి వదలాలి. తవ్విన గుంటలో చిన్న వేరు ముక్కలు పూడ్చాలి. అడవిలో ఈ పని జరగలేదు కాబట్టే మొక్క పోయింది.

రెండేళ్ళ నేల ఎవరికుంది?

అసలు చిక్కు ఇక్కడుంది. సర్పగంధికి రెండేళ్ళు కావాలి. తోట కాపలా ఉండేవాడికి ఆ తోటలో రెండేళ్ళ భరోసా ఉండదు. మామిడి కాపు చాలావరకు ఏడాది కౌలు. కొన్నిచోట్ల మామిడి నరికి పామాయిల్ వేస్తున్నారు. మన యానాది, ఎరుకల కుటుంబాల్లో సొంత సెంటు భూమి లేనివాళ్ళే ఎక్కువ. పైగా ముసునూరు షెడ్యూల్డు ప్రాంతం కాదు. 1959 భూబదలాయింపు రెగ్యులేషన్, దాన్ని గట్టిచేసిన 1970 సవరణ ఏజెన్సీ భూమికి ఇచ్చే కాపు ఇక్కడ లేదు.

కాబట్టి, ఒక్కొక్కరుగా కాకుండా పదిమంది కలిసి, రెండు మూడేళ్ళకు రాతమూలకంగా ఒప్పందం చేసుకుంటేనే ఈ పంట వేయాలి. లేదంటే ఇంటి పెరడు, బడి ఆవరణ చాలు. మొదట ఇరవై మొక్కలు బతికించి చూపడం, ఎకరం నాటి చేతులు కాల్చుకోవడం కంటే మంచిది. వేరు కొనేవాళ్ళెవరో, ఏ కాగితాలు అడుగుతారో తెలుసుకున్నాకే విస్తరించాలి.

చట్టంలో మన మాట

2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద ఆదివాసులకు యాజమాన్య హక్కు ఇచ్చింది. వాటిలో మందుమొక్కలు, వేళ్ళు, దుంపలు కూడా ఉన్నాయని చట్టమే పేరుపెట్టి చెప్పింది. సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కునూ గుర్తించింది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. ఊరిలో ఏ మొక్క ఉంది, దాని గురించి ఎవరికి ఏం తెలుసు అన్నది అందులోకి ఎక్కాలి.

2023లో ఆ చట్టాన్ని సవరించారు. గ్రంథాల్లోకి ఎక్కిన సంప్రదాయ జ్ఞానానికి, సాగుచేసిన మందుమొక్కలకు లాభం పంచాల్సిన బాధ్యత నుంచి మినహాయింపు ఇచ్చారు. సాగు చేసే మనకు ఇది ఒకవైపు సులువే. రెండోవైపు ఆలోచించండి. రేపు ఒక కంపెనీ వందల ఎకరాల్లో ఇదే మొక్క సాగుచేస్తే, దాని గుణం మొదట కనిపెట్టినవాళ్ళకు పంచాల్సిన వాటా ఏదీ ఉండదు. నోటి మాటగా ఉన్న మన జ్ఞానానికి ఋజువు లేకపోతే అడిగే దారీ ఉండదు.

దారి ఉందని కేరళలో కాణి ఆదివాసులు చూపించారు. 1987లో అగస్త్య కొండల్లో తమతో నడిచిన శాస్త్రవేత్తలకు కాణి యువకులు అలసట తీర్చే ఆరోగ్యపచ్చ కాయలు తినిపించారు. దాని నుంచి జీవని అనే మందు వచ్చింది. దాన్ని తయారుచేసే లైసెన్సు మీద వచ్చిన సొమ్ములో సగం కాణిలకు ఇవ్వాలని పాలోడులోని ఉష్ణమండల వృక్షోద్యాన సంస్థ నిర్ణయించింది. 1997లో కాణిలు ట్రస్టు పెట్టుకున్నారు. తర్వాత చిక్కులు చాలా వచ్చాయి. అయినా ఎరిగినవాడికి వాటా ఉండాలన్న మాటను ప్రపంచం మొదట అక్కడే విన్నది.

బడిలో ఒక మడి

మన టీచర్లను కోరేది పెద్ద పనేమీ కాదు. బడి ఆవరణలో ఒక చెట్టు నీడన చిన్న మడి. సర్పగంధి, పక్కనే అడ్డసరం, వావిలి, నేలవేము. ప్రతి మొక్క దగ్గర ఒక చెక్క పలక. దాని మీద శాస్త్రీయ నామం ఉండాలి, తెలుగు పేరు ఉండాలి, యానాది పెద్దలు, ఎరుకల అవ్వలు, తండాలోని తాతలు పిలిచే పేరూ ఉండాలి. ఆ పేరు చెప్పినవాళ్ళ పేరు వాళ్ళ సమ్మతితో కింద రాయాలి. పిల్లలు తమ ఇంటి పెద్దలను అడిగి రాసుకొచ్చిన ఆ మాటలనే పంచాయతీ రిజిస్టరులో చేర్పించాలి. ఏది బయటపెట్టాలో, ఏది ఇంట్లోనే ఉంచుకోవాలో పెద్దలు నిర్ణయిస్తారు. ఆ నిర్ణయం వాళ్ళదే.

ముసునూరి నాయకులకు శాసనాలున్నాయి. జమీందారులకు కోటలున్నాయి. రావుల్ఫ్‌కు మొక్క పేరుంది, వుడ్‌వర్డ్‌కు నోబెల్ ఉంది. మన అవ్వ పేరు ఒక చెక్క పలక మీద, ఒక పంచాయతీ రిజిస్టరులో ఉండాలని అడుగుతున్నాం. ఆ పలక పక్కన మొక్క కూడా బతికి ఉండాలి. రెండు చలికాలాలు ఓపిక పడితే ఆ రెండూ మన చేతుల్లో ఉన్న పనులే.